శుక్రవారం నాలుగింటికి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఉద్యోగం, ఇల్లు, వాటి మధ్య నలిగే మనిషి. అందుకని మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి, ఈ నెల శీర్షిక మొత్తం వీటికే ఇస్తున్నాను.

కొత్త పాఠకుల కోసం నా గురించి రెండు ముక్కలు. నేను ప్రూఫ్ రీడర్‌ని. నాలుగేళ్ళు అచ్చాఫీసులో, ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు ఇంట్లో కూర్చుని ఇతరుల తప్పులు దిద్దాను. మా ఇద్దరు పిల్లలూ ఆ ప్రూఫు కాగితాల మధ్యే పెరిగారు. నాకు ఉన్న అర్హత అంతే. సలహా నచ్చకపోతే కొట్టివేత గీత గీసి ముందుకు సాగండి, నేనేమీ అనుకోను.

*

ప్రశ్న: నా వయసు 34. ఇంటి నుంచే పనిచేస్తాను. ఫలానా వేళకే చేయాలని లేదు, రోజు పని రోజు పూర్తయితే చాలంటారు. అందరూ నన్ను అదృష్టవంతురాలినంటారు. పిల్లలకు ఏడేళ్ళు, మూడేళ్ళు. మావారు ఉదయం వెళితే రాత్రి ఏడింటికి వస్తారు. పగలు ఎవరు తలుపు తట్టినా, కుళాయి బాగుచేసే మనిషి వచ్చినా, బడి నుంచి ఫోను వచ్చినా నేనే లేవాలి. ‘నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదమ్మా’ అంటారు మా అత్తగారు. చివరికి అసలు పని రాత్రి పదింటికి మొదలై ఒంటిగంటకు ముగుస్తోంది. పిల్లల దగ్గరా సగమే, పని దగ్గరా సగమే ఉన్నట్టు అనిపిస్తోంది. మానేయనా?

జవాబు: మానవద్దు. మానేస్తే రాత్రి పని పోతుంది, పగటి పని అలాగే ఉంటుంది. మిమ్మల్ని అరగదీస్తున్నది పగటి పని.

మీ ఉత్తరంలో అందరూ మీకు వెసులుబాటు ఉందని అన్నారని రాశారు. వెసులుబాటు అంటే పనివేళలు వంగడం. అవి వంగుతున్నాయి, నిజమే. వంచుతున్న చేయి ఎవరిది? కుళాయి బాగుచేసే అతనిది, బడివాళ్ళది, మీ అత్తగారిది, తలుపు తట్టిన ప్రతివారిదీ. మీ సంస్థ మీకు ఇచ్చినదాన్ని మీరు తప్ప అందరూ వాడుకుంటున్నారు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. తాళం లేని పెట్టెలో నలుగురూ చేయి పెడతారు, అంతే.

నా సంగతి చెబుతాను. మా పెద్దవాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. నేను నీటిపారుదల మీద ఒక పుస్తకం దిద్దుతున్నాను. ఇంట్లోనే ఉన్నాను, పిల్లల కళ్ళెదుటే ఉన్నాను, ఇక లోటేముంది అనే ధీమాతో ఉండేదాన్ని. నా దిద్దుబాట్లు చేర్చి రెండో ప్రూఫు వచ్చింది. నూట పన్నెండో పేజీ చదువుతుంటే ఇలా ఉంది: ‘ఆనకట్ట పునాది పూర్తయిన తరువాత శుక్రవారం నాలుగింటికి బడిలో మీటింగు నువ్వు రావాలి నీటిని కాలువలోకి మళ్ళించారు.’

అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరుకు మతి పోయిందనుకున్నాను. మొదటి ప్రూఫు తీసి చూశాను. ‘తరువాత’కీ ‘నీటిని’కీ మధ్య చక్కటి హంసపాదు. పంక్తిలో వదిలేసిన మాటను చేర్చడానికి మేము పెట్టే గుర్తు అది. దాని నుంచి అంచు దాకా నా ఎర్ర సిరాతోనే గీత, అంచులో గుండ్రటి పిల్లరాత. మా పెద్దవాడు నా పక్కన కూర్చుని రోజూ చూస్తూ నేర్చేసుకున్నాడు. అచ్చాఫీసులో అతను పాపం తన ధర్మం ప్రకారం ఉన్నదున్నట్టు పేర్చేశాడు.

ముందు పొట్ట పట్టుకుని నవ్వాను. తర్వాత గోడ మీది కేలండర్ వైపు చూశాను. ఆ శుక్రవారం వెళ్ళిపోయి మూడు రోజులైంది.

వాడిని పిలిచి ‘నోటితో చెప్పవచ్చు కదరా’ అన్నాను. ‘మూడుసార్లు చెప్పాను. ఊఁ అన్నావు. కాగితం మీద ఉన్నదైతే నువ్వు చదువుతావు కదా’ అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఏదో అచ్చాఫీసు పద్ధతి నాకు వివరిస్తున్నట్టు అన్నాడు. ఆ మొదటి ప్రూఫు కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

నాకు తలుపున్న గది లేదు. ఉన్నదల్లా బల్ల మీద దీపం. ఆ రోజు నుంచి ఆ దీపానికి ఒక చట్టం పెట్టాను. దీపం వెలుగుతుంటే రక్తం కారినా పొగ వచ్చినా తప్ప నన్ను పిలవకూడదు. దీపం ఆర్పాక నేను కాగితం ముట్టకూడదు. ఉదయం మూడు గంటలు, మధ్యాహ్నం రెండున్నర గంటలు. పిల్లలు వారంలో అలవాటు పడ్డారు. పెద్దవాళ్ళకు ఎనిమిది నెలలు పట్టింది. నాకు ఇంకా ఎక్కువ పట్టింది, ఎందుకంటే ఆ చట్టంలో రెండో సగం నా మీదే ఉంది. దీపం ఆర్పేసి, చీకట్లో ఒక పంక్తి చూసుకుందామని కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి మా చిన్నదానికి దొరికిపోయిన రోజులున్నాయి.

మీరూ రెండు నిడివైన వేళలు ఖాయం చేసుకోండి. ఆ సంగతి ఆదివారం తీరికగా చెప్పండి, ఎవరైనా వచ్చి పిలిచినప్పుడు కాదు. పిలిచినప్పుడు చెబితే అది విసుగులా వినబడుతుంది, ముందే చెబితే పద్ధతి అవుతుంది. మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడ ఎరిగిన ఉద్యోగం గడప దాటి వెళ్ళేది. కూర్చుని తెర చూస్తున్న మనిషి ఆవిడ కంటికి ఖాళీగానే కనబడుతుంది. ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని మీరు చేసే పని చూపించండి. పూర్తిగా అర్థం కానక్కరలేదు, మీరు మాట్లాడే తీరు వింటే చాలు. మా అత్తగారు నేను అచ్చాఫీసువారితో ఫోనులో గట్టిగా మాట్లాడటం విన్నాకే నాది ఉద్యోగమని ఒప్పుకున్నారు.

ఇంకొక చిన్న పని. బడి రిజిస్టరులో మొదటి ఫోను నంబరు ఎవరిదో చూడండి. తప్పకుండా మీదే అయి ఉంటుంది. దాన్ని మార్చి మీవారి నంబరు మొదట రాయించండి. ఐదు నిమిషాల పని. ఆయనకు ఫోను వస్తే ఆయనే మీకు చేస్తారు, నిజమే. అయినా ఆ కబురు ముందు ఆయన తలలోకి వెళ్ళి, అక్కడి నుంచి మీకు రావాలి. మొదటి నెలలోనే తేడా కనబడుతుంది.

పని మధ్యలో లేవక తప్పనప్పుడు, ఎక్కడ ఆగారో, తిరిగి వచ్చాక మొదట ఏం చేయాలో ఒక్క వాక్యం రాసి లేవండి. మేము ప్రూఫులో అట్టముక్క పెట్టి లేచేవాళ్ళం. ఒక పని సగంలో వదిలి మరో పనికి వెళితే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాశారు. అలా ఒక ముక్క రాసి పెట్టుకుంటే ఆ పట్టు సడలుతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. పిల్లల దగ్గర సగమే ఉన్నానని మీరన్నది ఇదే. మీ ప్రేమలో లోటేమీ లేదు.

చివరగా, ఇంట్లోనే ఉండిపోవడంలో ఒక నష్టం ఉంది, అది తెలిసి ఉండాలి. చైనాలో సీట్రిప్ అనే ప్రయాణాల సంస్థలో 2010, 2011 సంవత్సరాల్లో తొమ్మిది నెలల పాటు కొందరిని ఇంటి నుంచి, కొందరిని ఆఫీసు నుంచి పని చేయించి చూశారు. నికొలస్ బ్లూమ్ అనే ఆర్థికవేత్త బృందం చేసిన పని అది. ఇంటి నుంచి చేసినవారి పని 13 శాతం పెరిగింది. అయితే చేసిన పనితో పోల్చి చూస్తే పదోన్నతులు వారికి తక్కువ దక్కాయి. ప్రయోగం అయిపోయాక మీ ఇష్టం అంటే, సుమారు సగం మంది ఆఫీసుకే వెళతామన్నారు, ఒంటరితనం భరించలేక. అందుకని నెలలో కొన్ని రోజులైనా ఆఫీసులో కనబడండి. కనబడని మనిషిని పదోన్నతుల వేళ ఎవరూ తలుచుకోరు.

*

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. నా భార్య నర్సు, డ్యూటీలు వారం వారం మారతాయి. బాబుకు ఐదేళ్ళు. వారానికి నాలుగు రోజులు పని చేస్తానని, ఐదో రోజు జీతం వదులుకుంటానని అడగాలనుకుంటున్నాను. మగవాడివి, ఇలా అడిగితే పని మీద శ్రద్ధ లేదనుకుంటారని స్నేహితులు భయపెడుతున్నారు. ఎలా అడగాలి?

జవాబు: కొందరు అనుకుంటారు. అలా అనుకునేవారు ఆడవాళ్ళ గురించి ఎప్పటి నుంచో అనుకుంటూనే ఉన్నారు, ఇప్పుడు మీ వంతు వచ్చింది. కంగారు పడకండి.

అసలు వల మరొక చోట ఉంది. నాలుగు రోజుల జీతానికి ఐదు రోజుల పని చేయడం. ఇలా మార్పించుకున్నవారిలో చాలామంది పడేది ఇందులోనే. కాబట్టి మీ అర్జీలో మీ కష్టసుఖాలు ఒక వాక్యంలో ముగించి, మిగతా పేజీ పని గురించి రాయండి. మీ పనుల్లో ఐదో వంతు ఏది? దాన్ని ఆపేస్తున్నారా, ఎవరికైనా అప్పగిస్తున్నారా, నెలకొకసారి చేస్తే సరిపోతుందా? ఐదో రోజు అత్యవసరం వస్తే ఎవరికి ఫోను చేయాలి, ఏది అత్యవసరం, ఏది కాదు? ఇవి మీరు రాయకపోతే మీ పై అధికారి తన భయాలన్నీ అక్కడ రాసుకుంటాడు. మూడు నెలలు చూసి నిర్ణయిద్దామని అడగండి. ‘ఎప్పటికీ’ అంటే వద్దనేవారు ‘మూడు నెలలు’ అంటే సరే అంటారు. నోటి మాటగా వదిలేయకండి, రాతలో ఉండాలి. అధికారి మారితే నోటి మాట ఆయనతోపాటే బదిలీ అయిపోతుంది.

మీరు వింత కోరిక కోరడం లేదు. నెదర్లాండ్స్‌లో 2000 సంవత్సరంలోనే చట్టం వచ్చింది. పనిగంటలు తగ్గించమనో పెంచమనో ఉద్యోగి అడిగితే, గట్టి కారణం చూపకుండా యజమాని కాదనలేడు. బ్రిటన్‌లో పని తీరు మార్చమని అడిగే హక్కు 2003లో చిన్న పిల్లల తల్లిదండ్రులతో మొదలై, 2014లో ఇతర ఉద్యోగులకూ వచ్చి, 2024 ఏప్రిల్ నుంచి చేరిన మొదటి రోజుకే వర్తిస్తోంది. అడిగే హక్కే సుమా, పొందే హక్కు కాదు. ఐస్‌లాండ్‌లో 2015 నుంచి జరిగిన ప్రయోగాల్లో రెండున్నర వేల మంది జీతం తగ్గకుండా వారానికి 35, 36 గంటలు పనిచేశారు. చాలాచోట్ల పని దెబ్బతినలేదు. మీ దేశంలో, మీ సంస్థలో నిబంధనలు ఏమిటో అడిగే ముందే చదువుకోండి. ఉన్న నిబంధనను వేలుపెట్టి చూపించడానికీ, దయ చూపమనడానికీ చాలా తేడా ఉంది.

పనివేళలు ఉద్యోగి ఇష్టానికి వదలడం 1967లో పశ్చిమ జర్మనీలో మ్యూనిక్ దగ్గర ఒక విమాన తయారీ సంస్థలో మొదలైందని చెబుతారు. అందరూ ఒకే నిమిషానికి రావడంతో దారులు కిక్కిరిసిపోవడం అందుకు ఒక కారణం. పిల్లల మీద దయతో కాదు, వాహనాల రద్దీ భరించలేక! మీ అధికారికి కూడా మీ బాబు కథ కన్నా ఆయన రద్దీ తగ్గే కథ ఒకటి చెప్పండి. ఉదాహరణకు ఎప్పుడూ వాయిదా పడే ఏ శిక్షణో ఉంటే, మీరు లేని రోజున మీ కింది మనిషి ఆ పని సొంతంగా చేసి నేర్చుకుంటాడని.

ఇంట్లో కూడా ఒక ఒప్పందం కావాలి. ఆ ఐదో రోజు పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా బాబు పూర్తిగా మీ బాధ్యత. ఏ చొక్కా, ఏ మందు, ఏ కాగితం మీద సంతకం అన్నవి భార్యకు ఫోను చేసి అడగకూడదు. ఏదో ఒకటి మరిచిపోతారు. మరిచిపోండి. అలాగే వస్తుంది.

*

ప్రశ్న: నా భార్య ఇంటి నుంచి పనిచేస్తుంది. ఎప్పుడు చూసినా లాప్‌టాప్. నేను ఇంటి పనిలో ఆమెకు సాయం చేస్తాను, పిల్లల విషయంలో సాయం చేస్తాను, ఆదివారాలు కూడా సాయం చేస్తాను. అయినా ఆమెకు తృప్తి లేదు. నేనేం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం దిద్దాను. ‘సాయం’ మూడుచోట్ల కొట్టివేశాను. ఇప్పుడు చదువుకోండి: ‘ఇంటి పని చేస్తాను, పిల్లలను చూస్తాను, ఆదివారాలు కూడా చేస్తాను.’ ఈ దిద్దిన ఉత్తరం నిజమైతే, మీ భార్యను కూడా నాకు రాయమనండి, ఆమెతో మాట్లాడతాను. నిజం కాకపోతే మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

*

ప్రశ్న: తొమ్మిదేళ్ళ కిందట పిల్లల కోసం ఉద్యోగం మానేశాను. లెక్కల విభాగంలో పనిచేసేదాన్ని. ఇప్పుడు 45. పూర్తికాల ఉద్యోగం వద్దు, చిన్న వ్యాపారులకు లెక్కలు రాసిపెట్టే పని సొంతంగా చేద్దామని ఉంది. తెలిసినవారు కొందరు ‘ముందు ఊరికే చేసిపెట్టు, అలవాటవుతుంది’ అంటున్నారు. ఎంత తీసుకోవాలో నాకూ తెలియడం లేదు.

జవాబు: ఊరికే చేయవద్దు. ఊరికే చేసినదానికి గడువు ఉండదు, మర్యాదా ఉండదు. కావాలంటే మొదటి పనికి తగ్గించి తీసుకోండి. కాగితం మీద మాత్రం పూర్తి ధర రాసి, దాని కింద తగ్గింపు రాయండి. రెండోసారి అడిగేటప్పుడు మీ నోరు పెగలడానికి అది పనికొస్తుంది. నేను మొదటి పుస్తకం ఒకాయనకు అభిమానం కొద్దీ ఉచితంగా దిద్దిపెట్టాను. ఆరేళ్ళు అభిమానంగానే ఉన్నారు.

ధర సంగతి లెక్క తెలిసిన మీకు నేను చెప్పడం బాగుండదు గాని, లెక్క తెలిసినవారు కూడా ఇక్కడ తప్పుతారు. పాత నెల జీతాన్ని గంటలతో భాగించి, అదే నా గంట ధర అనుకుంటారు. అలా కాదు. ఏడాదికి 52 వారాలు. పిల్లల సెలవులకు, జ్వరాలకు, మీ విశ్రాంతికి ఆరు తీసేయండి. 46 మిగిలాయి. ఇంటిని బట్టి వారానికి 25 గంటలు దొరుకుతాయనుకుందాం. మొత్తం 1150. ఇందులో మూడో వంతు డబ్బు రాని పనికి పోతుంది: ఫోన్లు, బిల్లులు రాయడం, బాకీ కోసం గుర్తుచేయడం, కొత్త పని వెతకడం, కొత్త నిబంధనలు చదువుకోవడం. నిజంగా బిల్లు వేయగలిగేవి 770 గంటలకు మించవు. ఏడాదికి మీకు కావలసిన ఆదాయానికి పన్ను, కంప్యూటర్, ఇంటర్నెట్, రేపటి కోసం దాచుకునే సొమ్ము కలిపి, ఆ మొత్తాన్ని 770తో భాగించండి. వచ్చిన అంకె చూసి మీకే భయం వేస్తుంది. ఫరవాలేదు, ఒక రాత్రి దిండు కింద పెట్టుకుని పడుకోండి. పొద్దునకు అలవాటవుతుంది.

ఈ తొమ్మిదేళ్ళ గురించి ఎవరైనా అడిగితే సంజాయిషీ ఇవ్వకండి. ‘పిల్లలను పెంచాను, ఇప్పుడు తిరిగి పని మొదలుపెట్టాను’ అని అక్కడ ఆపండి. ఆపడమే కష్టం. మన నోరు దాని తర్వాత ‘అయినా నేను...’ అంటూ పరుగెత్తుతుంది. లెక్కల పద్ధతులు, పన్ను నిబంధనలు ఈ తొమ్మిదేళ్ళలో మారి ఉంటాయి. వాటి కోసం మాత్రం మూడు నెలలు కూర్చుని చదవండి. మారినవేమిటో తెలియకపోతేనే మీ విరామం ఎదుటివారికి కనబడుతుంది.

*

ప్రశ్న: నాకు 22 ఏళ్ళు. రేపు పిల్లలు పుట్టినా వదులుకోనక్కరలేని వృత్తి ఎంచుకోవాలని ఉంది. అప్పుడే ఆ ఆలోచన ఎందుకని అమ్మ నవ్వుతోంది. తప్పా?

జవాబు: తప్పేమీ లేదు తల్లీ. నీ వయసులో నాకు ఆ ఆలోచన వచ్చి ఉంటే ఈ శీర్షిక రాసే అనుభవం ఉండేది కాదు, అంతే.

సులువైన వృత్తి కోసం వెతకవద్దు. ఒకరి చేతిలో నుంచి మరొకరు అందుకోగల వృత్తి ఏదో చూడు. క్లాడియా గోల్డిన్ అనే ఆర్థికవేత్త ఆడవాళ్ళ సంపాదన మీద రెండు శతాబ్దాల వివరాలు తవ్వి తీశారు. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఆమెకే వచ్చింది. ఆమె చెప్పినదాన్ని నా మాటల్లో చెబితే, కొన్ని ఉద్యోగాలు అత్యాశగలవి. ఎక్కువ గంటలు, వేళకాని వేళల్లో, పిలిచినప్పుడల్లా పలికేవారికి అవి లెక్కకు మించి జీతమిస్తాయి. సగం సమయం ఇస్తే సగం కన్నా బాగా తక్కువ ఇస్తాయి. ఇంట్లో పిల్లలు ఉన్నప్పుడు ఎవరో ఒకరు పిలిస్తే పలికేలా ఉండాలి కదా, ఆ ఒకరు ఎక్కువగా తల్లే అవుతుంది, జీతంలో తేడా అక్కడ పెరుగుతుంది. అమెరికాలో ఫార్మసిస్టుల వృత్తి ఇందుకు పూర్తిగా ఎదురు. మందుల చీటీ, రోగి పాత వివరాలు అన్నీ కంప్యూటర్లో ఉంటాయి. ఒక ఫార్మసిస్టు ఇంటికి వెళితే మరొకరు వచ్చి కౌంటర్ దగ్గర నిలబడగలరు. అందుకే అక్కడ తక్కువ గంటలు పనిచేసినవారికి గంట ధరలో పెద్దగా కోత పడదని లారెన్స్ కట్జ్‌తో కలిసి ఆమె చూపించారు.

అందరూ మందుల దుకాణంలో చేరాలని కాదు. ఏ రంగంలోకి వెళ్ళినా, అక్కడ పదేళ్ళుగా ఉన్న ఒక మనిషిని పట్టుకుని ఒకటే అడుగు: ‘మీరు రెండు వారాలు కనబడకపోతే ఏమవుతుంది?’ ‘అంతా ఆగిపోతుంది’ అని గర్వంగా చెబితే కాస్త ఆలోచించు. ‘పక్కనున్నవారు చూసుకుంటారు’ అంటే అక్కడ కుర్చీ వేసుకో. నీకు నిజంగా ప్రాణమైన పని మొదటి రకానిదే అయితే మాత్రం దాన్ని వదలకు. దానికి తగిన మనిషిని వెతుక్కో. పెళ్ళి చూపులలో జీతం అడిగేవారు చాలామందే ఉన్నారు, బడి నుంచి ఫోను వస్తే ఎవరు వెళతారని నువ్వు అడుగు.

*

ప్రశ్న: మీకు వచ్చే ఉత్తరాలన్నీ ఉద్యోగాలు చేసే పిల్లలవే అయి ఉంటాయి. నాది వారి అమ్మ ఉత్తరం. నాకు 61. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు సంగీతం నేర్పుతున్నాను. మా అమ్మాయి పనివేళలు తనకు నచ్చినట్టు పెట్టుకునే ఉద్యోగంలో చేరింది. ‘అమ్మా, నువ్వున్నావని ధైర్యం’ అంటుంది. మనవరాలిని చూడటం నాకు ప్రాణం. కానీ అమ్మాయి పనివేళలు ఏ రోజుకారోజు మారతాయి, ‘ఈ ఒక్కరోజు’ అని పాపను దింపి వెళుతుంది. ఈ ఏడాది నా శిష్యులు పదకొండు మంది నుంచి నలుగురయ్యారు. పాఠానికి వచ్చినవారిని వెనక్కి పంపాను మరి. అమ్మాయికి చెప్పలేదు. చెబితే బాధపడుతుంది.

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండు రోజులు నా బల్ల మీదే ఉంది. పైన ఇన్ని పేజీలు అందరికీ చెప్పాను, వేళలు ఖాయం చేసుకోండి, రాతలో పెట్టండి, అని. మీ దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. ఎందుకంటే మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నా దీపం వెలిగిన ఆ మధ్యాహ్నపు రెండున్నర గంటలూ వాళ్ళు ఆడుకున్నది మా అమ్మ ఒడిలో. ఆవిడ కుట్టుపని చేసేది. ఎప్పుడు మానేసిందో నాకు గుర్తులేదు. అడగనూ లేదు. ఆ మిషను తర్వాత కిటికీ కింద బల్లగా ఉండేది, దాని మీద నేను ప్రూఫులు పెట్టుకునేదాన్ని.

మీ అమ్మాయి అడుగుతున్నది ఎక్కువ కాదు. తన పనివేళలు వంగుతున్నాయి అనుకుంటోంది, నిజానికి వంగుతున్నది మీరు. అది తనకు తెలియదు, మీరు చెప్పలేదు కాబట్టి. పదకొండు నలుగురయ్యారన్న లెక్క తనకు చెప్పండి. బాధగా కాదు, ఫిర్యాదుగా కాదు, లెక్కగా. బాధపడుతుంది. పడనివ్వండి, ముప్పై దాటిన మనిషి, తట్టుకుంటుంది. మీ తర్వాత తెలిస్తే తట్టుకోవడం ఎంత కష్టమో నన్ను అడగండి.

తర్వాత వారంలో మీ పాఠాల రోజులు మూడు చెప్పండి. ఆ మూడు రోజులు పాపకు వేరే ఏర్పాటు వారిద్దరూ చూసుకోవాలి, మీ అల్లుడితో సహా. మిగిలిన రోజులు పాపను ఆనందంగా ఉంచుకోండి, ముందు రోజు రాత్రి ఎనిమిదింటి లోపు కబురు చెబితేనే. ఏడుగురు శిష్యుల ఇళ్ళకూ మీరే ఫోను చేయండి. వాళ్ళు మానలేదు, మీరు తలుపు వేశారు. తిరిగి ఏ రోజుల్లో, ఏ వేళకు తీస్తారో చెబితే సగం మందైనా వస్తారు.

మనవరాలికి నాలుగేళ్ళు అయి ఉంటే, పాఠం రోజుల్లో ఒకదానికి దాన్ని కూడా రానివ్వండి. చాప మీద చివర కూర్చోబెట్టండి. ఆ గంటసేపు మీరు దానికి అమ్మమ్మ కాదని, టీచరని ముందే చెప్పండి.